గీత పైకి లేచిందా, లోపలికి దిగిందా? మోర్గాన్ డాలర్ల లేబుళ్లపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ఐదు మోర్గాన్ వెండి డాలర్లలో (పాత అమెరికా నాణేలు) మూడింటికి తప్పు వ్యామ్ నంబర్లు వేయడం, ఒక నకిలీని అరుదైన రకంగా అమ్మడం, వాపసు నిరాకరించడం గురించి.

నమస్కారం. తెలుగులో రాసినా మీ హైదరాబాద్ సహాయ విభాగం స్పందిస్తుందని ఇన్వాయిస్ వెనక అచ్చు వేశారు కాబట్టి, టెక్సాస్ నుంచి ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను. ఫోన్‌లో రెండుసార్లు చెప్పి చూశాను. రెండుసార్లూ వచ్చిన జవాబు ఒక్కటే: "సార్, ఏడాది కరెక్టే కదా, వెండి కరెక్టే కదా, ఇంక ప్రాబ్లమ్ ఏంటి?"

ఏడాది మీద, వెండి మీద నాకు పేచీ లేదు. 90 శాతం వెండి, 26.73 గ్రాముల బరువు, 38.1 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న మామూలు మోర్గాన్ ఏ నాణేల దుకాణంలోనైనా దొరుకుతుంది. మీ దగ్గర అంతకంటే చాలా ఎక్కువ పెట్టి కొన్నది లేబుల్ మీద ఉన్న వ్యామ్ నంబరు చూసే. వాన్ ఆలెన్, మాలిస్ అనే ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు కలిపి పుట్టిన మాట అది. డై అంటే నాణెం మీద ముద్ర వేసే ఉక్కు అచ్చు. ఒక్కో నంబరు ఫలానా బొమ్మ డై, ఫలానా బొరుసు డై కలిసి కొట్టిన జతను చెబుతుంది. అంటే మీరు అమ్మింది డాలరు ఒక్కటే కాదు, అది ఏ డై కింద పడి పుట్టిందో ఆ వివరం కూడా. ఆ వివరం తప్పయితే అమ్మిన సరుకు తప్పయినట్టే.

మీ విభాగంలో ఈ ఉత్తరం చదివేవారికి నాణేలతో పరిచయం ఉండకపోవచ్చు కాబట్టి ఒక్క ముక్క చెబుతాను. మోర్గాన్ డాలర్ల డైలన్నీ ఫిలడెల్ఫియా టంకశాలలోనే తయారయ్యేవి. న్యూ ఓర్లీన్స్, శాన్ ఫ్రాన్సిస్కో, కార్సన్ సిటీలకు అక్కణ్నుంచే వెళ్లేవి. హబ్ అనే ఉబ్బెత్తు అచ్చును మెత్తటి ఉక్కు మీద ఒకటికి రెండుసార్లు నొక్కితే డై తయారయ్యేది. రెండోసారి నొక్కినప్పుడు వెంట్రుకంత పక్కకు జరిగినా బొమ్మ జోడుగా పడుతుంది. ఏడాది అంకెలు, మింట్ గుర్తు (ఏ టంకశాలదో చెప్పే అక్షరం: ఓ అంటే న్యూ ఓర్లీన్స్, ఎస్ అంటే శాన్ ఫ్రాన్సిస్కో, సీసీ అంటే కార్సన్ సిటీ) చేత్తో పంచ్ పెట్టి కొట్టేవారు కాబట్టి అవీ ఒరుగుతాయి, పక్కకు పోతాయి, ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇవన్నీ డైలో ఉన్న తేడాలు కనుక ఆ డైతో కొట్టిన ప్రతి నాణెం మీదా ఒకే చోట ఒకేలా కనిపించాలి. ఒక్క నాణెం మీదే ఉన్న గీతకు వ్యామ్‌తో సంబంధం లేదు.

ఇక మీరు పంపినవి.

మొదటిది 1890-సీసీ. లేబుల్ మీద "వ్యామ్-4, టెయిల్ బార్" అని ఉంది. టెయిల్ బార్ అంటే బొరుసు డైకి పడిన లోతైన గాటు. డైలో గుంట పడితే నాణెం మీద గట్టు లేస్తుంది. అసలు రకంలో గద్ద తోక ఎడమ అంచు నుంచి కింద ఆకుల దండ వరకు ఒక కడ్డీ ఉబ్బెత్తుగా నిలబడి ఉంటుంది. మీరు పంపిన నాణెంలో గీత దాదాపు అక్కడే ఉంది గానీ అది లోపలికి దిగిన గీత. పదింతలు చూపించే లూప్ (చిన్న భూతద్దం) కింద పెడితే దాని రెండు ఒడ్డులూ కొంచెం పైకి లేచి, మధ్యలో సన్నని కాలువ, ఆ కాలువ అడుగున తెల్లగా కొత్త వెండి మెరుపు. సంచిలో మరో డాలరు అంచు గీరుకుంటే పడే దెబ్బ అది. టంకశాల నుంచి ఈ డాలర్లు వెయ్యేసి చొప్పున సంచుల్లో వెళ్లేవి, ఇలాంటి దెబ్బలు లేని మోర్గాన్ దొరకడమే కష్టం.

మీ వెబ్‌సైట్‌లో పెట్టిన ఫోటోలో మాత్రం అది గట్టులాగే కనిపిస్తోంది. నేను మోసపోయింది అక్కడే, బహుశా మీవాళ్లూ అక్కడే మోసపోయారు. వెలుతురు ఏ దిక్కు నుంచి పడిందో తెలియకపోతే గుంట గట్టులా, గట్టు గుంటలా కనబడతాయి. పరిష్కారానికి డబ్బులు కూడా ఖర్చవవు. ఒకటే టేబుల్ లైటు ఒక పక్కనుంచి వాలుగా పడేలా పెట్టి, నాణేన్ని మెల్లగా తిప్పాలి. గట్టు అయితే దీపం వైపున్న ఒడ్డు వెలిగి అవతలి ఒడ్డు నీడలో ఉంటుంది, గుంట అయితే దీపానికి ఎదురుగా ఉన్న అవతలి ఒడ్డు వెలుగుతుంది. అనుమానం వస్తే పక్కనే ఉన్న ఈకతో పోల్చండి. ఈక ఉబ్బెత్తే కదా, దాని మీద వెలుగు ఏ వైపు ఉందో గీత మీదా అదే వైపు ఉండాలి. ఇక్కడ లేదు. సీసీ డాలరుగా ఈ నాణేనికి విలువ ఉంది, కాదనను. టెయిల్ బార్ ధర మాత్రం లేదు.

రెండోది 1888-ఓ, "వ్యామ్-4, హాట్ లిప్స్". మోర్గాన్ రకాల్లో కళ్లకు అద్దాలు లేకుండా కూడా గుర్తుపట్టగలిగే అతి కొద్ది వాటిలో ఇదొకటి. బొమ్మ డై జోడుగా నొక్కుకుపోవడం వల్ల స్వేచ్ఛాదేవి ముక్కు, పెదవులు, గడ్డం రెండేసి కనిపిస్తాయి. పెదవి బయట మరో పెదవి. అరిగి అరిగి జుట్టు చదునైపోయిన నాణెం మీద కూడా ఆ రెండో పెదవి గుండ్రంగా, విడిగా ఉంటుంది. మీ నాణెంలో ముక్కు, పెదవి అంచుల వెంట ఉన్నది మెషీన్ డబ్లింగ్. నాణెం కొట్టాక డై పూర్తిగా పైకి లేవకముందే కాస్త కదిలి, అప్పుడే పడిన బొమ్మ అంచును నొక్కేస్తే వచ్చేది. చదునైన మెట్టులా ఉంటుంది, నున్నగా అద్దంలా మెరుస్తుంది, పైగా అసలు పెదవి వెడల్పును తగ్గిస్తుంది. అసలు జోడు డైలో వెడల్పు పెరుగుతుంది, మెట్టు ఉండదు, గుండ్రటి రెండో అంచు ఉంటుంది. మెషీన్ డబ్లింగ్ ఒక్కో నాణెం మీద ఒక్కోలా వస్తుంది కాబట్టి దానికి కేటలాగ్‌లో నంబరే ఉండదు. ఇంకో సంగతి: మీ లేబుల్ మీద "అన్‌సర్క్యులేటెడ్" (చెలామణిలో తిరగనిది) అని కూడా రాశారు. హాట్ లిప్స్ దొరికేవి అరిగిన నాణేలే. తళతళలాడే కొత్తది కనబడితే ఎగిరి గంతేసే ముందు ఒకసారి లూప్ తీయాల్సింది.

మూడోది 1878, "7/8 ఈకలు, స్ట్రాంగ్". 1878 మార్చి 11న ఫిలడెల్ఫియాలో మోర్గాన్లు మొదలైనప్పుడు గద్ద తోకకు 8 ఈకలు. తర్వాత 7 ఈకల హబ్ వచ్చింది. పాత డైలు పారేయకుండా వాటి మీదే కొత్త హబ్ నొక్కారు. అలా తయారైన డైతో కొట్టిన నాణేల్లో ఏడు ఈకల కింద పాత ఈకల కొసలు తొంగిచూస్తాయి. "స్ట్రాంగ్" అనాలంటే ఆ కొసలు లూప్‌లో లెక్కపెట్టేంత తేటగా ఉండాలి. మీ నాణెంలో సున్నా. గద్ద పట్టుకున్న బాణానికి ఉన్న పై ఈక బాణం కాడకు సమాంతరంగా ఉందని చూసి 7/8 అనుకున్నట్టున్నారు. ఆ గుర్తు 7/8లోనూ ఉంటుంది, అదే ఏడాది మామూలు 7 ఈకల రెండో రివర్స్‌లోనూ (రెండో రకం బొరుసు బొమ్మ) ఉంటుంది. దాంతో తేలేది మూడో రివర్స్ కాదని మాత్రమే, ఎందుకంటే అందులో ఆ ఈక ఏటవాలుగా, గద్ద రొమ్ము గుండ్రంగా ఉంటాయి. ఈకల కింద కొసలు చూడకుండా 7/8 అని రాయడం, ఇంటి నంబరు చూడకుండా వీధి పేరు చూసి ఉత్తరం ఇచ్చేయడమే.

నాలుగోది 1902-ఓ, "వ్యామ్-3, మైక్రో ఓ, అరుదైనది". ఇది తప్పు లేబుల్ దగ్గర ఆగే విషయం కాదు. మింట్ గుర్తు ఓ మామూలు కంటే బాగా చిన్నగా ఉన్న 1896, 1900, 1902 డాలర్లు నకిలీలని 2005లో తేలింది. అంతకుముందు దశాబ్దాల తరబడి అవి అసలైన రకాలుగానే చెలామణి అయ్యాయి. నాణేలను పరీక్షించి స్థాయి నిర్ణయించే గ్రేడింగ్ కంపెనీలు సైతం సర్టిఫికెట్లు ఇచ్చాయి. అన్నేళ్ల ఎడం ఉన్న మూడు తేదీల మీదా ఒకే బొరుసు డై కనిపించడంతో గుట్టు రట్టయింది. తూకం వేస్తే తెలియదు, ఎందుకంటే వాటిలో వెండి మంచిదే. ఆ రోజుల్లో డాలరులో ఉన్న వెండి ఖరీదు అర డాలరుకు అటూ ఇటుగానే ఉండేది. మంచి వెండితో దొంగ డాలరు కొట్టినా దొంగకు సుమారు సగం మిగిలేది! నా త్రాసులో ఇది 26.5 గ్రాములు తూగింది. ఆ మాత్రం తగ్గడం అరిగిన అసలు డాలరుకూ మామూలే. 1899-ఓలో చిన్న ఓ ఉన్నవి మాత్రం అసలైనవే, ఆ తేదీతో దీన్ని కలిపేశారేమో. ఏదేమైనా నకిలీ అని చెప్పకుండా దీన్ని "అరుదైన రకం"గా అమ్మారు.

ఐదోది 1882-ఓ, ఎస్ మీద ఓ కొట్టినది. దీని లేబుల్ సరైనదే. ఓ లోపల ఎస్ నడుము కిందికి దిగి ఉంది, కనుక వ్యామ్-4 అని మీరు రాసింది ఒప్పు. అయితే ఎవరో దీన్ని గుడ్డతో తోమారు. తిప్పుతుంటే చక్రంలా తిరగాల్సిన వెలుగు తిరగడం లేదు, బుగ్గ మీద ఒకే దిక్కున సన్నని గీతలున్నాయి. లేబుల్ మీద "తోమినది" అన్న ఒక్క మాట రాసి ఉంటే నేను అదే ధరకు ఉంచుకునేవాణ్నేమో.

ఇప్పుడు వాపసు సంగతి. "ఫ్లిప్ తెరిచిన నాణేలు వెనక్కి తీసుకోము" అన్నది మీ నియమం. ఫ్లిప్ అంటే నాణెం పెట్టే ప్లాస్టిక్ కవరు. మీ ఫ్లిప్‌లు మెత్తటి పీవీసీవి, లోపలి నుంచి పాలపొరలా మసకబారి ఉన్నాయి. పైన స్టేపుల్ పిన్ను కొట్టారు. ఆ మసకలోంచి ఈకల కొసలు లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. తెరవకుండా తూకం వేయలేను, అంచు చూడలేను. అంటే లేబుల్ తప్పని తెలియాలంటే తెరవాలి, తెరిస్తే వాపసు లేదు. ఇదేం లెక్కండీ? పైగా 1878 నాణెం అంచు మీద పీవీసీ వదిలే ఆకుపచ్చ జిగట అప్పుడే మొదలైంది. తోమకుండా, రుద్దకుండా స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీసి దాన్ని ఆపాను. గోళ్ల రంగు తుడిచే సీసా వాడొద్దని మీ ప్యాకింగ్ వాళ్లకు చెప్పండి, అందులో వేరే నూనెలు కలిపి ఉంటాయి. 38.1 మిల్లీమీటర్ల గట్టి క్యాప్సూల్‌లో పెట్టి పంపితే ఈ గొడవే ఉండదు, కొన్నవాడు తెరవకుండానే రెండు వైపులూ చూసుకుంటాడు.

నేను అడిగేవి ఇవి. 1890-సీసీ, 1888-ఓ, 1878, 1902-ఓ నాలుగింటికీ పూర్తి డబ్బు, రెండు వైపులా పోస్టేజీ, ఇన్సూరెన్సు సహా తిరిగి ఇవ్వాలి. 1882-ఓను నేనే ఉంచుకుంటాను, తోమిన నాణేనికి తగ్గట్టు ధర సవరించండి. వెనక్కి వచ్చిన మూడు అసలు డాలర్లనూ అవే లేబుళ్లతో మళ్లీ జాబితాలో పెట్టబోమని రాతపూర్వకంగా చెప్పాలి. 1902-ఓ లేబుల్ మీద "నకిలీ" అని స్పష్టంగా ఉండాలి. ఇకమీదట వ్యామ్ నంబరు వేసిన ప్రతి నాణేనికీ ఆ గుర్తు ఉన్న చోటు దగ్గరి ఫోటో రెండు దిక్కుల వెలుతురులో తీసి పెట్టండి. ఒక్కో నాణేనికి ఐదు నిమిషాలు పట్టదు.

మీ కొత్త జాబితాలో 1893-ఎస్ కూడా కనబడింది. దాన్ని అమ్మకానికి వదిలేముందు మీ వాళ్లను ఒక్కసారి లూప్‌లో చూడమనండి. అసలైన 1893-ఎస్‌లన్నీ ఒకే బొమ్మ డైతో కొట్టినవి. తల పైన కిరీటం పట్టీ మీద లిబర్టీ అన్న మాటలో టీ అక్షరం పైభాగాన సన్నని ఉబ్బెత్తు గీత ఏటవాలుగా ఉండాలి. అది లేకపోతే మామూలు 1893కు ఎవరో ఎస్ అతికించారని అనుమానించాల్సిందే.

నాలుగు నాణేల రెండు వైపుల ఫోటోలు, 1890-సీసీ గీతను రెండు దిక్కుల వెలుతురులో తీసిన జత ఫోటోలు, ఇన్వాయిస్ ప్రతి జతచేశాను. నాణేలను మీ మసక ఫ్లిప్‌లలో కాక క్యాప్సూళ్లలో పెట్టి ఉంచాను. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వక జవాబు, వాపసు పంపడానికి ఇన్సూరెన్సుతో కూడిన లేబుల్ పంపండి. రాకపోతే కార్డు స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల గడువు దాటకముందే నా బ్యాంకుకు ఇవే ఫోటోలతో ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్
టెక్సాస్