లండన్‌లో ఉండే మా అబ్బోడికి

కడప,
డిసెంబరు 8, ఆదివారం

నాయనా సుధీరా,

ఈడ అందరం బాగుండాము. నువ్వూ బాగుండావని తలుస్తా రాస్తాండా. ఫోన్‌లో టైపు చేస్తే నాలుగు మాటలకే వేలు ఆగిపోతాది, చెప్పాలనుకున్నది లోపలే ఉండిపోతాది. అందుకే పెన్ను పట్టుకున్నా. ఈ కాగితాలు చెల్లెలు ఫొటోలు తీసి నీకు పంపుతానంది.

మీ అమ్మ మోకాళ్ళకు కొత్త మందు రాసినారు, పనిచేస్తాంది. మస్తానన్న పాత ఆటో అమ్మేసి కొత్తది తీసినాడు. జేజికి చెవులు ఇంకా మందగించినాయి, అయినా నీ పేరెత్తితే వినపడతాది. నవంబరు 19న నువ్వు పంపిన వాయిస్ మెసేజి ఆమెకు నాలుగుసార్లు వినిపించినా. ఈ పొద్దుకు పందొమ్మిది రోజులు.

భూమి కింద రైలు పోతాదని, మెట్లు వాటంతటవే దిగుతాయని, నిలబడేవాళ్ళు కుడిపక్క నిలబడి తొందరున్నోళ్ళకు ఎడమపక్క వదులుతారని చెప్పినావు. నాలుగు గంటలకే చీకటి పడతాదని చెప్పినావు. ఆ రైలు 1863లోనే మొదలయిందంట, మొదట్లో ఆవిరి ఇంజన్లే నడిపినారంట, చెల్లెలు చూసి చెప్పింది. భూమి కింద ఆ పొగలో జనం ఎట్లా కూర్చున్నారో! పెట్టె నిండా మనుషులున్నా ఒకరితో ఒకరు మాట్లాడరని కూడా అన్నావు. నా మనసు ఆడనే నిలబడిపోయింది. అట్లాంటి ఊర్లో నా కొడుకు ఎవరితో మాట్లాడతాండాడు?

మేము పంపేవాటికి నీలి గీతలు రెండూ పడతాండాయి. పరీక్షలుంటాయిలే అని మీ అమ్మకు చెప్తాండా.

నీ మెసేజి విన్నప్పటినుంచి నాకు నా మొదటి ఉత్తరం గుర్తుకొస్తాంది. 1994 జూలైలో నేను కువైట్‌లో దిగినా. ఖాదిం వీసా, అంటే ఇంటి పనోళ్ళ వీసా, అరబ్బు ఇంట్లో డ్రైవరు పని. విమానం తలుపు తీస్తానే కొలిమి ముందర నిలబడినట్లయింది. కడప ఎండలో పుట్టినోణ్ణి, నాకే ఊపిరాడలేదు. బండ్లన్నీ కుడిపక్కన పోతాండాయి, మలుపు తిప్పినప్పుడల్లా గుండె జారేది. దేశం మొత్తానికి ఒక ఏరు లేదు, సముద్రం నీళ్ళనే మంచినీళ్ళు చేసి తాగుతారు. ఒడ్డున కువైట్ టవర్లు, నీలం పచ్చ బిళ్ళలు అతికించిన పెద్ద పెద్ద గుండ్లు, పెద్ద టవరు 187 మీటర్లు.

రెండో శుక్రవారం సెలవిచ్చినారు. రాయచోటి, రాజంపేట వాళ్ళంతా మాలియా అనే చోట కలుస్తారని విని బస్సెక్కి పోయినా. తెలుగు మాట చెవిన పడినాక కడుపు నిండింది. తిరిగొచ్చేటప్పుడు దారి తప్పినా. కఫీల్ అంటే నన్ను పనికి పెట్టుకున్న అరబ్బు, ఆయన ఇంటి అడ్రసు చీటీ మీద అరబ్బీ అంకెల్లో ఉండాది. వాళ్ళ అయిదు మన సున్నా మాదిరి ఉంటాది, ఆరు మన ఏడు మాదిరి. వాళ్ళ సున్నా అంటే ఒక చుక్క. నేను అయిదును సున్నా అనుకొని, ఆరును ఏడనుకొని తిరుగుతాండా. ఎత్తు గోడలు, అన్ని ఇండ్లూ ఒకే రంగు, వీధిలో మనిషన్నోడు లేడు. మధ్యాహ్నం రెండయింది, సీసాలో నీళ్ళయిపోయినాయి. కాళ్ళు తడబడే వేళకు ఖుబ్బూస్ రొట్టెలు కాల్చే అంగడి ఒకటి కనపడింది. ఇరానీ ముసలాయన. చీటీ చేతికిచ్చినా. ఆయన అది పక్కన పెట్టి ముందర నీళ్ళిచ్చినాడు, తర్వాత వేడి రొట్టె ఇచ్చినాడు, నేను తిన్నాకనే చీటీ చూసినాడు. బల్ల మీది పిండిలో వేలితో ఆ సున్నాను గీసి, అయిదు వేళ్ళూ చాపి "ఖంసా, ఖంసా" అన్నాడు. అంగడి మూసి ఇంటిదాకా వచ్చి వదిలిపోయినాడు. ఆ రాత్రి గదిలో శానాసేపు ఏడ్చినా.

ఇదేదీ ఇంటికి రాయలేదు. టవర్ల గురించి రాసినా, ఏసీ గది గురించి రాసినా. మీ జేజినాయన ఆ ఉత్తరాన్ని రచ్చబండ కాడ అందరికీ చదివించినాడంట. ఆ తర్వాత మూడు నెలలు జీతం చేతికి రాలేదు. ఏం రాయాలో తెలీక రాయడమే మానుకున్నా. జేజి దినామూ పోస్టుమేను వచ్చే వేళకు వాకిట్లో నిలబడేదంట. పెద్ద దర్గాకు మొక్కుకుందంట. నేనింక లేనని ఎవరో అంటే మూడు దినాలు మెతుకు ముట్టలేదంట. తిరిగొచ్చినాక ఒకటే అడిగింది, "మంచిమాట లేకపోతే చెడ్డమాటయినా రాయకూడదా నాయనా" అని.

నీ మెసేజిలో రైళ్ళుండాయి, మెట్లుండాయి, చీకటి ఉంది. నువ్వేం తిన్నావో లేదు.

నువ్వు ఆ రూము వదిలేసినావని, రాత్రిళ్ళు ఏదో గోడౌన్‌లో పెట్టెలు మోస్తాండావని వెంకటలక్ష్మక్క కొడుకు అన్నాడంట. నేను నమ్మలేదు, నిన్ను అడగను కూడా. కానీ ఒక్కమాట. క్లాసులు జరిగేటప్పుడు వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదని పోయేముందర నువ్వే చెప్పినావు. అంతకుమించి ఒక్క గంట చేసినా పోయేది నీ వీసా, పని చేయించుకున్నోడు రేపు నీ తరఫున మాట్లాడడు. బ్యాంకు కంతు సంగతి నాది, తప్పకుండా కడతాండా. అప్పు తలచుకొని నిద్ర చెడగొట్టుకోవద్దు. నిద్ర లేనోడికి చదువు ఎక్కదు, చలి మాత్రం ఎక్కతాది. చెవులు మూసే టోపీ లేకుండా బయటికి పోవద్దు. చూడు, చెప్పకూడదనుకుంటానే ఎంత చెప్పినానో.

ఇంకొక పని. చిన్నప్పుడు నిన్ను ఎర్రముక్కపల్లె బ్రౌన్ లైబ్రరీకి తీసకపోయేవాణ్ణి గదా. బ్రౌను దొర 1820లో కడపకు వచ్చినప్పుడు ఆయనకు 22 ఏండ్లు కూడా నిండలేదు, నీకన్నా చిన్నోడు. భాష వేరు, తిండి వేరు, ఎండ వేరు. అట్లాంటోడు వేమన పద్యాలు వెతికి అచ్చు వేయించినాడు, తెలుగు నిఘంటువు చేసినాడు. 1884లో మీ లండన్‌లోనే పోయినాడు. సమాధి కెన్సల్ గ్రీన్‌లో ఉంది, ఆ పేరుతో రైలు స్టేషను కూడా ఉందంట. ఒక ఆదివారం పోయి రెండు పూలు పెట్టి ఫొటో పంపు. సమాధి ఒక్కటే కాదు, పక్కన నువ్వు కూడా పడాల. మొహం సరిగ్గా కనపడాల.

రాయచోటి పిల్లోడొకడు 16న లండన్‌కు పోతాండాడు. మీ అమ్మ చెనిక్కాయల పొడి, నల్లకారం, రెండు కేజీల రాగిపిండి కట్టింది. పాల సరుకులు ఆ దేశంలోకి రానియ్యరని చెల్లెలు నెయ్యి డబ్బా తీసేసింది, అమ్మ ఇంకా అలిగే ఉంది. మూట మీద అడ్రసు రాయాల. పాత రూముదా, ఇంకొకటా? ఏదయినా నేనేమీ అనను. 15 లోపల రాసి పంపు.

ఇట్లు
మీ నాయన