లైవ్ మ్యూజిక్ కళాకారులు, సౌండ్ ఇంజనీర్ల సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక (2024–25)

సభ్యులందరికీ నమస్కారం.

జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, కొండాపూర్ పబ్‌లలో వారం వారం వాయించే మీకు మన సంఘం ఎందుకుందో కొత్తగా చెప్పనక్కర్లేదు. అందుకే నేరుగా ఈ ఏడాది పనుల్లోకి వస్తాను.

కమిటీ సమయమంతా దాదాపు రాత్రి పది గంటల సమస్యకే పోయింది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్ వాడాలంటే నాలుగు వైపులా మూసిన హాల్లోనే వాడాలి, అదీ లోపలివాళ్లకు వినపడేంత వరకే. నివాస ప్రాంతంలో హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. 2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు పబ్‌లలో పది తర్వాత సంగీతం వద్దంది. తర్వాత అదే కోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల డివిజన్ బెంచ్ ఆ ఉత్తర్వును జూబ్లీహిల్స్‌లోని కొన్ని పబ్‌లకే పరిమితం చేసింది. అయినా భయం నగరమంతా అలాగే ఉండిపోయింది. ఏ ఫిర్యాదు వచ్చినా యజమాని ముందు ఆపేది బ్యాండ్‌నే. ఒక్క డీజేతో రాత్రి గడిచిపోతుంటే ఐదుగురికి పేమెంట్ ఎందుకన్నది వాళ్ల లెక్క.

కాలనీవాళ్లతో మనకు పోట్లాట లేదని ఈ ఏడాది ప్రతి సమావేశంలోనూ చెప్పాం. పరీక్షలకు చదువుకునే పిల్లలు, ఒంట్లో బాగాలేని పెద్దవాళ్లు ఉన్న ఇళ్లవి. వాళ్ల నిద్ర చెడగొట్టి మనం పాడుకోలేం. అసలు గొడవంతా బేస్‌తోనే, అంటే లోతైన మోత శబ్దంతోనే. గొంతు, గిటార్ గోడ దగ్గర చాలావరకు ఆగిపోతాయి, బేస్ పలికించే సబ్‌వూఫర్ స్పీకర్ల మోత ఆగదు. రూఫ్‌టాప్‌లలో ఆపడానికి గోడే లేదు. నియమాల్లోని కొలత మనిషి చెవి తీరును బట్టి బేస్‌ను తగ్గించి లెక్కేస్తుంది. అందుకే మీటర్ మీద అంకె బాగానే కనిపిస్తుంది, పక్కింట్లో కిటికీ అద్దం మాత్రం అదురుతూనే ఉంటుంది. ఈ సంగతి వివరిస్తూ ఒక కార్యాలయానికి వినతిపత్రం ఇచ్చాం. సౌండ్‌ప్రూఫింగ్ చేయించుకున్న చోట్లకు స్పష్టమైన మార్గదర్శకాలు ఇవ్వమని అడిగాం. మళ్లీ మళ్లీ వెళ్లాం. ప్రతిసారీ ‘సార్ మీటింగ్‌లో ఉన్నారు’ అన్నారు. మా కాగితం ఏ బల్ల మీద ఉందో కూడా చెప్పలేదు. ఇది చాలా బాధ కలిగించిన విషయం.

ఇక గర్వంగా చెప్పుకోవాల్సింది ఫిబ్రవరిలో మన సంఘం పెట్టిన సంగీత సాయంత్రం గురించి. అన్నీ మన సభ్యులు రాసి, కట్టిన తెలుగు పాటలే. సినిమా కవర్ ఒక్కటీ లేదు. ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ఆఖరి పాట ముగించాం. స్టేజీ పక్కన పెద్ద తెర మీద డెసిబెల్ అంకె అందరికీ కనిపించేలా పెట్టాం. వేదికల్లో శబ్దం పదిహేను నిమిషాల సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మనం దానికి చాలా కిందనే ఉన్నాం. అయినా పాటలో ఊపు ఎక్కడా తగ్గలేదు! చుట్టుపక్కల కాలనీలవాళ్లను ఇంటింటికీ వెళ్లి పిలిచాం. వచ్చారు, ముందు వరసల్లో కూర్చున్నారు, పిల్లలు డ్రమ్స్ దగ్గరికి పరిగెత్తారు. ఒక పెద్దాయన వెళ్తూ వెళ్తూ ‘ఇలాగైతే మాకేం అభ్యంతరం బాబూ’ అన్నారు. ఆ మాట వినడానికే ఏడాదంతా తిరిగినట్టనిపించింది.

అదే రోజు మధ్యాహ్నం ఉచితంగా వినికిడి పరీక్షలు చేయించాం. రాత్రుళ్లు చెవుల్లో గుయ్ మంటోందని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోని డ్రమ్మర్లు ఆ రోజు నోరు విప్పారు. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవడం నామోషీ కాదని దయచేసి గుర్తించండి.

హాలు నామమాత్రపు అద్దెకే ఇచ్చిన యాజమాన్యానికి, పరీక్షలు చేసిన డాక్టర్లకు, మిక్సర్, మానిటర్లు సొంత ఆటోలో తెచ్చిన సౌండ్ మిత్రులకు, భోజనాలు చూసుకున్న కుటుంబ సభ్యులకు, పోస్టర్లు వేసిన కాలేజీ పిల్లలకు, బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుళ్లకు పేరుపేరునా ధన్యవాదాలు. 2010 నుంచి బంజారాహిల్స్‌లో కళలకు తలుపులు తెరిచి ఉంచిన లామకాన్ లాంటి చోట్లు నగరంలో ఇంకో పది రావాలని ఆ సాయంత్రం అందరం అనుకున్నాం.

ఒక మాట కటువుగానే చెప్పాలి. వాలంటీర్లుగా వస్తామని వాట్సాప్ గ్రూప్‌లో చేతులెత్తిన వాళ్లలో సగం మంది కూడా రాలేదు. కుర్చీలు సర్దింది, కేబుళ్లు చుట్టింది ఎప్పుడూ వచ్చే ఆ కొద్దిమందే. ఆ రోజు వేరే చోట ప్రోగ్రాం (గిగ్) ఉంటే ముందే చెప్పండి, అర్థం చేసుకుంటాం. ఫోన్ ఎత్తకపోవడం మాత్రం పద్ధతి కాదు.

పేమెంట్ల విషయంలో కొంత ముందుకెళ్లాం. నెలల తరబడి బాకీ పెట్టిన ఒక వేదిక నుంచి మన సభ్యుల డబ్బు రాబట్టాం. ప్రోగ్రాం ఒప్పుకునే ముందే మొత్తం, సమయం, రద్దయితే ఎంత ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. నమూనా ఒప్పందం తెలుగులో సిద్ధంగా ఉంది. సొంత పాటలున్నవాళ్లు, పాటల రాయల్టీ వసూలు చేసి రచయితలకు, స్వరకర్తలకు పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ తర్వాత గీత రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో వాటా చట్టబద్ధమైన హక్కు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పత్రం జతచేశాం. ఫిబ్రవరి ఖర్చు విరాళాలతో సరిపోయింది. సందేహాలుంటే కోశాధికారిని అడగండి.

వచ్చే ఏడాదికి సంఘం సొంతంగా మంచి డెసిబెల్ మీటర్ కొనాలని, అడిగిన వేదికకు మన ఇంజనీర్లే వెళ్లి బేస్ సరిచేసి రావాలని కమిటీ ప్రతిపాదిస్తోంది. దీనిపై సమావేశంలో ఓటింగ్ ఉంటుంది. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవాళ్లు ఆలోపు కట్టండి, లేకపోతే ఓటు ఉండదు.

ఇట్లు,
కార్యదర్శి