తుపాకీ కర్ర కూడా తుపాకీయేనా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి దగ్గర్లోని ఒక కొండవార పల్లెలో వ్యవసాయం చేసుకుంటున్న తెలుగువాణ్ణి. ఆయుధాల చట్టంలోని ఒక అస్పష్టత మా వంటి వాళ్లను ఎంత భయపెడుతోందో నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పంట కాపలా కోసం మా నాన్నగారు లైసెన్సు తీసుకున్న తుపాకీ ఒకటి మా ఇంట్లో ఉంది. గొట్టం మూతిలోంచి మందు కూరి పేల్చే పాతకాలపుది. ఆయన తరువాత లైసెన్సు నా పేరుకు మారింది. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళ అడవి పందులు చేలో దిగితే, మంచె మీది నుంచి ఉత్త మందుతో ఒక్క చప్పుడు చేసి తరమడానికే తప్ప దాన్ని మరెందుకూ వాడలేదు. కిందటి ఏడు వానల్లో దాని కర్ర, అంటే భుజానికి ఆనించుకునే భాగం, చెయ్యి పట్టే చోట నిలువునా పగిలింది.

పగిలిన కర్రను మాత్రం ఊడదీసి సంచిలో పెట్టుకుని వడ్రంగి దగ్గరకు వెళ్లాను. మా ఇంటి తలుపులన్నీ ఆయన చేతి పనే. పగులు వెంట బొటనవేలు పోనిచ్చి చూశాడు. ఒక టేకు దిమ్మ తెచ్చి, పాత కర్రను దాని మీద పడుకోబెట్టి పెన్సిలుతో అంచు గీయడం మొదలుపెట్టాడు. సగం గీసి చెయ్యి ఆపేశాడు. "బాబూ, ఇది నాగలి మేడి కాదు కదా. తుపాకీ తయారు చేశావని రేపు ఎవరైనా నన్ను పట్టుకుపోతే నా పిల్లలకు దిక్కెవరు?" అన్నాడు. దిమ్మను మళ్లీ గోడకు చేరవేశాడు.

ఆ భయం ఉత్తది కాదు. ఇంటికి వచ్చాక మా మేనల్లుడి చేత చట్టం చదివించుకున్నాను. 1959 ఆయుధాల చట్టం 2వ సెక్షన్‌లో తుపాకీ అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే దాని భాగాలు, వాటిని తయారు చేసే యంత్రాలు కూడా కలిసి ఉన్నాయి. అనుబంధ పరికరాల్లో మాత్రం పేలుడు చప్పుడునో మంట వెలుగునో తగ్గించేవాటినే చెప్పారు. సైలెన్సర్ సంగతి అలా తేలిపోయింది. మరి భాగం అంటే ఏది? గొట్టమా, మీటా, కర్రా, భుజానికి తగిలించుకునే తోలు పట్టీయా? తుపాకీ మీద బిగించే దుర్బీను, రాత్రి కాపలాకు కట్టుకునే టార్చిలైటు ఏ లెక్కలోకి వస్తాయి? నిర్వచనంలో వీటి పేర్లు లేవు. భాగాలు అన్న మాటను ఎంత దూరం సాగదీయవచ్చో చదివేవాడి చేతిలో ఉంది.

5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయకూడదు, మరమ్మతు కూడా చేయకూడదు. 2019 సవరణ తరువాత ఆ నేరానికి కనీస శిక్ష ఏడేళ్ల జైలు, గరిష్ఠం యావజ్జీవం. దొంగచాటుగా నాటు తుపాకులు చేసి అమ్మేవాడికి ఆ శిక్ష పడాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ టేకు చెక్క చెక్కిన వడ్రంగి కూడా అదే సెక్షన్ కింద నిలబడవలసి వస్తుందా అని అడిగితే, లేదని ధైర్యంగా చెప్పగలవారు నాకు దొరకలేదు. పోలీసు స్టేషన్‌లో అడిగాను. ఒకరు "చెక్కే కదా, చేయించుకోండి" అన్నారు. పక్క బల్ల దగ్గరున్న మరొకరు "తుపాకీకి బిగించాక అది తుపాకీయే" అన్నారు. ఎవరినీ తప్పు పట్టను. ఇద్దరి మాటకూ ఆ చట్టంలోనే చోటుంది. రాసి ఇమ్మంటే మాత్రం ఇద్దరూ ఒప్పుకోలేదు.

45వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. చిన్నపాటి భాగాలు దగ్గర ఉంచుకోవడం తప్పు కాదంటుంది, అయితే వాటిని మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం ఉండకూడదట. తుపాకీ కర్రను తుపాకీకి కాక మరి దేనికి బిగిస్తాం? పైగా ఆ మినహాయింపు కొనడానికి, ఉంచుకోవడానికి, మోసుకెళ్లడానికే. చేసిచ్చినవాడి ఊసు అందులో లేదు. చిన్నపాటి భాగాలంటే ఏవో చట్టం ఒక్కటీ పేరు పెట్టి చెప్పలేదు.

గీత గీయడం చేతకాని పని కాదు. గాలి తుపాకుల విషయంలో 2016 ఆయుధాల నియమావళి ఆ పని చేసింది. గుండు వెలువడే శక్తి 20 జౌళ్లు దాటినా, గొట్టం రంధ్రం 4.5 మిల్లీమీటర్లు దాటినా లైసెన్సు కావాలి. కొలిచి చూసుకుంటే అమ్మేవాడికీ కొనేవాడికీ సందేహం ఉండదు. తుపాకీ భాగాలకూ అటువంటి కొలత పెట్టవచ్చు. మందు పేలినప్పుడు ఆ ఒత్తిడిని భరించే గొట్టం, మందును అంటించే యంత్రాంగం, ఇవి లేనిదే తుపాకీ పేలదు. వీటిని ఎంత కట్టడి చేసినా మంచిదే. కర్ర, పట్టీ, దీపం బిగించే క్లిప్పు తుపాకీని పేల్చవు. వాటిని వేరుగా రాయాలి.

గీత లేకపోతే ప్రమాదం రెండో వైపు నుంచీ వస్తుంది. కోతులను తరమడానికి ప్లాస్టిక్ గొట్టంలో కార్బైడ్ వేసి పేల్చే సాధనం ఉంది. ఉత్త చప్పుడు చేసినంతసేపూ అది ఏదీ విసరదు. పేలుడు బలంతో దేన్నైనా విసిరేలా చేసిన ఆయుధాన్ని చట్టం తుపాకీ అంటుంది కనుక, అందులో ఒక్క గులకరాయి వేస్తే ఆ నిర్వచనంలోకి రావచ్చు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఈ గొట్టాల వల్ల ఎందరో పిల్లల కళ్లు దెబ్బతిన్నాయి. వడ్రంగి చెక్కను చూసి వణకవలసి వచ్చే చోట, పిల్లల చేతికి అటువంటిది బొమ్మలా అందడం నన్ను చాలా బాధపెట్టింది.

నేను కోరేది చట్టాన్ని సడలించమని కాదు. నియమాలు చేసే అధికారం 44వ సెక్షన్ కింద, మినహాయింపు ఇచ్చే అధికారం 41వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వానికి ఉన్నాయి. ఏవి లైసెన్సు కిందికి వచ్చే భాగాలో, ఏవి కావో కేంద్ర హోంశాఖ పేరుపేరునా పట్టిక వేసి ప్రకటించాలి. ఆ పట్టికను మా సరిహద్దు జిల్లాల్లో ఒడియాలోనూ తెలుగులోనూ ప్రతి పోలీసు స్టేషన్ గోడకు అంటించాలి. మా ఊళ్లో లైసెన్సున్న పెద్దలు చాలామందికి ఒడియా మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఇంగ్లీషు అసలే రాదు. అందాకా, ఎవరైనా కాగితం పెట్టుకుని అడిగితే ఇది చేయించుకోవచ్చు, ఇది కూడదు అని జిల్లా కలెక్టరు కార్యాలయం సంతకంతో జవాబివ్వాలి. అడిగినందుకు అనుమానంగా చూడకూడదు.

మొక్కజొన్న కంకి వేసింది. నా దరఖాస్తు రాసి పెట్టుకున్నాను, ఈ వారమే ఇస్తాను. జవాబు ఎలా వచ్చినా మీకు తెలియజేస్తాను.

ఇట్లు,
ఒక రైతు,
పర్లాకిమిడి ప్రాంతం, గజపతి జిల్లా, ఒడిశా