మా బావ క్లెయిమ్ కోసం నిలబడినవాళ్లకి

మా బావ బీమా డబ్బు పోయిన వారం అప్ప (మా అక్క) ఖాతాలో పడింది. అప్పకి ఫేస్‌బుక్ లేదు, తన మాటగా నేను రాస్తున్నాను. సాయం చేసినవాళ్లు తమ పేర్లు వద్దన్నారు. ఎవరి గురించో మా ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు లెండి.

బావ గుండెపోటుతో పోయాడు. అప్పటికి పాలసీకి మూడేళ్లు నిండలేదు. కంపెనీ విచారణకి మనిషిని పంపింది. తర్వాత ఉత్తరం వచ్చింది: కిడ్నీ జబ్బు దాచి పాలసీ తీసుకున్నాడు, క్లెయిమ్ ఇవ్వం అని. పాలసీకి ముందు మా ఊళ్లో పెట్టిన కిడ్నీ క్యాంపులో బావ పరీక్షకి రక్తం ఇచ్చాడట, అదీ వాళ్ల పాయింటు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఎక్కడికైనా వెళ్లి అడగండి. డయాలసిస్‌కి తిరిగే చుట్టమో పక్కింటివాడో లేని మనిషి, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానంలో ఉన్నాడా? అందుకే క్యాంపు అనగానే అందరం వెళ్లి చెయ్యి చాపుతాం. భయపడి పరీక్ష చేయించుకున్నవాణ్ణి రోగి అనేస్తే ఎలా?

శ్రీకాకుళంలో ఉంటున్న రిటైర్డ్ బీమా ఉద్యోగి గారికి ముందుగా దండం. మేం ఆవేశంగా చెప్పుకుపోతుంటే ఆయన ఉత్తరం చదివి ఒక్కటే అడిగారు: "ఆధారం ఏదని అడిగారా?" బీమా చట్టం 45వ సెక్షన్‌ని 2015లో సవరించారు. దాని ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. ఆలోపైతే మోసం అనొచ్చు, కానీ ఏ కారణంతో, ఏ ఆధారంతో అంటున్నారో నామినీకి రాసి ఇవ్వాలి. అందులోనే ఒక మెలిక ఉంది. పాలసీదారు బతికి లేకపోతే, మోసం జరగలేదని చూపించే భారం నామినీ మీదే పడుతుంది. "ఏడిస్తే లాభం లేదమ్మా, కాగితం తేవాలి" అన్నారు అప్పతో.

ఆ కాగితం తీసిచ్చింది ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసే తమ్ముడు. పాత రిజిస్టర్లన్నీ దుమ్ము దులిపి బావ పేరు పట్టుకున్నాడు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 0.9. మామూలుగానే ఉంది! డాక్టరు గారు నకలు మీద సంతకం, ముద్ర వేసి ఇచ్చారు. కంపెనీ దగ్గర ఉన్నది క్యాంపుకి వచ్చినవాళ్ల పేర్ల జాబితా, అంతే. రిజల్టు ఏంటని ఎవరూ చూడనేలేదు.

నేనైతే కన్జ్యూమర్ కేసు వేద్దామన్నాను. మాస్టారు (ఆ రిటైర్డ్ ఉద్యోగి గారిని మేం అలాగే పిలుస్తాం) ఆపారు. కేసు అక్కడ నడుస్తుంటే అంబుడ్స్‌మన్ (బీమా తగాదాలు విని తీర్పు చెప్పే అధికారి) తీసుకోడు, ముందు ఇటు వెళ్దాం, తీర్పు నచ్చకపోతే అటు దారి ఉంటుంది అన్నారు. కంపెనీకి ఫిర్యాదు రాశాం, నెల గడిచినా జవాబు లేదు. అప్పుడు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి పెట్టాం. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు, 50 లక్షల వరకు వివాదాలు చూస్తారు. సచివాలయంలో పనిచేసే అమ్మాయి డ్యూటీ అయ్యాక కూర్చుని కాగితాలన్నీ స్కాన్ చేసి పంపింది. విచారణ వీడియోలో జరిగింది. అప్ప మన యాసలోనే, బెదరకుండా మాట్లాడింది. మధ్యలో కరెంటు పోతుందేమోనని నాకే చెమటలు పట్టాయి. తీర్పు మావైపు వచ్చింది. దానికి కంపెనీ కట్టుబడాల్సిందే.

మాస్టారు రూపాయి ముట్టలేదు. పలాస జీడిపప్పు ఇస్తే, దానికీ ధర అడిగి మరీ తీసుకున్నారు.

మన వైపు ఇంకెవరికైనా ఇలాంటి ఉత్తరం వచ్చి ఉంటే ఆదివారం పొద్దున తెమ్మన్నారు, ఊరికే చదివి చెప్తారట. ఉత్తరంతో పాటు ప్రపోజల్ ఫారం (పాలసీకి పెట్టిన దరఖాస్తు) నకలు, ఆసుపత్రి కాగితాలు తేవాలి. ఉత్తరం మీద తేదీ కూడా చూసుకోండి. కంపెనీ కాదన్నాక అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏడాది లోపు, కన్జ్యూమర్ కమిషన్‌కి రెండేళ్ల లోపు వెళ్లాలి. నాకు మెసేజ్ పెడితే మాస్టారి ఇంటికి దారి చెప్తాను.