మేము అమ్మిన మూడు కార్ల మీటర్ గురించి

తిరుపతిలో పదకొండేళ్లుగా పాత కార్లు కొని అమ్ముతున్నాను. మా దగ్గర బండి కొన్నవాళ్లకు, కొందామని అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు ఇది రాస్తున్నాను. గత రెండేళ్లలో మేము అమ్మిన కార్లలో మూడింటికి మీటర్ వెనక్కి తిప్పి ఉందని, అంటే తిరిగిన కిలోమీటర్లు తక్కువగా కనబడేలా చేశారని తేలింది. తిప్పింది మేము కాదు. కానీ అమ్మింది మేమే. "కిలోమీటర్లు జెన్యూన్" అని మీ ముందు కూర్చుని చెప్పింది నేనే.

చంద్రగిరి దగ్గర హైస్కూల్లో పనిచేసే ఒక అయ్యవారు నిరుడు మా దగ్గర 2017 మోడల్ డీజిల్ సెడాన్ తీసుకున్నారు. తమిళనాడు బండి. మీటర్‌లో 58 వేలు ఉంది. 5 లక్షల 40 వేలకు ఇచ్చాను. నాలుగు నెలలకే క్లచ్ పోయింది. షెడ్డులో మేస్త్రీ క్లచ్ దించి చూసి, "ఇది యాభై వేలు తిరిగిన బండి కాదు అయ్యవారూ" అన్నాడట. ఆయన బండి నంబరు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత రికార్డు తీయించారు. 2022లోనే 1,12,000 దగ్గర సర్వీస్ చేయించినట్టు అందులో ఉంది.

ఆయన కేకలు వేయలేదు. షాపుకు వచ్చి ఆ కాగితం బల్ల మీద పెట్టి, "నువ్వు చూసుకోలేదా నాయనా?" అని మాత్రం అడిగారు.

చూసుకోలేదు. ఆ బండిని నాకు ఇచ్చింది చెన్నైలో ఉండే మన చిత్తూరు వైపు బ్రోకర్. "కాణిపాకం వినాయకుడి మీద ఒట్టు అన్నా, మీటర్ ముట్టుకోలేదు" అన్నాడు. మన వైపు ఆ ఒట్టు ఎవరూ ఊరికే వేయరు. ఆ మాట విన్నాక ఇంకేం అడగాలనిపించలేదు. క్లచ్ పెడల్ రబ్బరు అరిగిపోయి నున్నగా ఉండడం నేను చూశాను. స్టీరింగ్‌కు కొత్త కవర్ వేసి ఉండడమూ చూశాను. రేటు బాగుందని అక్కడితో ఆగిపోయాను. ఇది నేను చేసిన తప్పు.

అయ్యవారికి పూర్తి డబ్బు, క్లచ్ ఖర్చు, పేరు మార్పుకు అయిన ఖర్చు తిరిగి ఇచ్చేశాను. ఆ బండి ఇప్పుడు మా దగ్గరే ఉంది. అద్దం మీద "2022 నాటికే 1,12,000 దాటింది, ఆ తర్వాత ఎంత తిరిగిందో తెలియదు" అని రాసి పెట్టాం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి రోజు నుంచి రెండేళ్ల బిల్లులు తీసి, ఒక్కో కస్టమర్‌కు ఫోన్ చేసి, రికార్డు దొరికిన ప్రతి బండినీ వెనక్కి వెళ్లి చూశాం. అలా ఇంకో రెండు బయటపడ్డాయి.

మీటర్ ఎలా తిప్పుతారో మీకు తెలియాలి. తెలిస్తే నన్నే కాదు, ఎవరినైనా నిలదీసి అడగగలరు. పాత అంబాసిడర్, మారుతీ 800 రోజుల్లో గేర్‌బాక్స్ నుంచి మీటర్‌కు ఒక కేబుల్ వచ్చేది. అది ఊడదీస్తే బండి తిరుగుతున్నా అంకె కదలదు. లేదంటే మీటర్ విప్పి అంకెల చక్రాలను చేత్తో వెనక్కి జరిపేవాళ్లు. అప్పుడు అంకెలు ఒక వరసలో నిలబడక పైకీ కిందికీ కనబడేవి, కాబట్టి పట్టుకోవడం తేలిక. ఇప్పుడు రీడింగ్ మీటర్ బోర్డులోని చిన్న చిప్‌లో ఉంటుంది. స్టీరింగ్ కింద, బండి కంప్యూటర్‌ను పరీక్షించడానికి ఉండే ఓబీడీ సాకెట్‌కు ల్యాప్‌టాప్ తగిలించో, బోర్డు బయటికి తీసో అంకె మార్చేస్తారు. స్క్రూడ్రైవర్ గీత కూడా పడదు. ఎదురుగా ఉన్న అంకె చూసి ఇక ఏమీ చెప్పలేం.

కానీ బండి అంతా అబద్ధం చెప్పదు. చాలా మోడళ్లలో ఇంజన్ కంప్యూటర్, బ్రేకులను చూసే ఏబీఎస్ లాంటి చోట్ల కూడా కిలోమీటర్లు నమోదవుతాయి. ఓబీడీ సాకెట్‌కు స్కానర్ పెడితే "కోడ్‌లు (బండిలో నమోదైన లోపాలు) చెరిపాక తిరిగిన దూరం" అని ఒక లెక్క వస్తుంది. మీటర్ 48 వేలు చూపిస్తూ ఈ లెక్క 60 వేలు చూపిస్తే ఇక మాట్లాడాల్సింది లేదు. అయితే ఆ లెక్క 65,535 దాటి పోదు, కోడ్‌లు మళ్లీ చెరిపితే సున్నా అవుతుంది. అందుకని అది ఒక్కటే చూసి బండి మంచిదని అనుకోకూడదు. మేము పట్టుకున్న రెండో బండి ఈ స్కానర్ లెక్కతోనే దొరికింది.

టైర్ పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. 30 వేలు తిరిగిందంటున్న 2018 బండికి నాలుగు టైర్లూ 2022వి ఉంటే, మొదటి సెట్టు ఎందుకు మార్చారో అడగండి. ఫాస్టాగ్ లెక్క కూడా అడగండి. నెలకు ఎనిమిదిసార్లు చెన్నై వెళ్లొచ్చిన బండి ఏడాదికి 8 వేలే తిరగడం కుదరదు.

తేడా కనబడ్డ ప్రతిచోటా మోసమే ఉందనుకోకండి. మీటర్ బోర్డు కాలిపోయో, నీళ్లు చేరి పాడయ్యో కొత్తది వేస్తే సున్నా నుంచి మొదలవుతుంది. 2015 చెన్నై వరదల తర్వాత అలాంటి బండ్లు మన వైపు చాలా వచ్చాయి. బోర్డు మార్చిన బిల్లు, పాత రీడింగ్ రాసిన కాగితం ఉంటే ఆ యజమాని నిజాయితీపరుడే. అయితే నీళ్లలో మునిగిన బండి అన్న సంగతి కూడా కొనేవాడికి చెప్పాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన ఊళ్లో కిలోమీటర్లు ఒక్కటే చూస్తే బండి అర్థం కాదు. అలిపిరి నుంచి తిరుమల కొండ మీదికి సుమారు 18 కిలోమీటర్లు, అన్నీ మలుపులే. రోజూ ట్రిప్పులు కొట్టిన బండికి క్లచ్, బ్రేకులు ముందే అరుగుతాయి. బెంగళూరు హైవే మీద లక్ష తిరిగిన బండి దానికంటే గట్టిగా ఉండడం నేను చాలాసార్లు చూశాను. లక్ష అంకె చూసి మీరు భయపడతారు. ఆ భయం వల్లే మీటర్ తిప్పేవాళ్లకు పని దొరుకుతోంది. నేను కూడా తక్కువ అంకె ఉన్న బండే త్వరగా పోతుందని ఏళ్ల తరబడి వాటి వెంటే పడ్డాను.

అయ్యవారి అబ్బాయి అమెరికాలో ఉంటాడు. అక్కడ 1972 నుంచే మీటర్ తిప్పడాన్ని నేరం చేస్తూ ప్రత్యేక చట్టం ఉందని ఆయన చెప్పారు. బండి చేతులు మారేటప్పుడు అమ్మేవాడు రీడింగ్ రాసి సంతకం పెట్టాలి. 2011 మోడల్ నుంచి ఇరవై ఏళ్ల వరకు ఇది తప్పనిసరి. మన దగ్గర మీటర్ కోసమే చేసిన అలాంటి చట్టం లేదు. అయితే అబద్ధం చెప్పి అమ్మితే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద రెండేళ్ల లోపు జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు. నా మీదా వేయవచ్చు. ఆ హక్కు మీకుందని నేనే చెబుతున్నాను.

ఇక మీదట మా బిల్లుతో పాటు ఒక కాగితం ఇస్తాం. మీటర్ రీడింగ్, స్కానర్ రీడింగ్, చివరి సర్వీస్ రికార్డులో ఉన్న అంకె, మూడూ అందులో ఉంటాయి. రికార్డు దొరకకపోతే "రీడింగ్ నమ్మదగినదని చెప్పలేం" అని రాస్తాం. కింద నా సంతకం ఉంటుంది. తర్వాత తేడా తేలితే బండి తెచ్చి ఇవ్వండి, డబ్బు తీసుకెళ్లండి. బ్రోకర్ల ఒట్లు ఇక మాకు వద్దు.

బండి మాకు అమ్మేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకు ఆర్టీఓ ఆథరైజేషన్ ఉండాలి. మీరు అలాంటి డీలర్‌కు బండి అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అప్పటి నుంచి బండి బాధ్యత డీలర్‌ది. మా దగ్గరున్నప్పుడు బండి ఎక్కడికి వెళ్లింది, ఎవరు నడిపారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని మేము రిజిస్టర్ రాయాలి. అది అడిగితే చూపిస్తాం.

రేటు చెప్పే పద్ధతి కూడా మారుస్తున్నాం. తమిళనాడు, కర్ణాటక బండి ఇక్కడివాళ్లకు చౌకగా కనబడుతుంది. కానీ ఇంకో రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం ఇక్కడి నంబరు వేయించుకోవాలి. దానికి అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది బండి వయసును బట్టి, మొదటి ధరను బట్టి మారుతుంది. అక్కడ కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన భాగానికి రీఫండ్ అడగొచ్చు, కానీ ఆ డబ్బు చేతికి రావడానికి ఓపిక కావాలి. ఇదివరకు నేను ఈ ఖర్చు సంగతి అడ్వాన్స్ తీసుకున్నాకే చెప్పేవాణ్ణి. ఇక నుంచి బండి ధర, లైఫ్ ట్యాక్స్ అంచనా వేర్వేరుగా బోర్డు మీదే రాస్తాం.

2025 జనవరి నుంచి పాత కార్ల మీద డీలర్ కట్టే జీఎస్టీ 18 శాతం. అది మొత్తం ధర మీద కాదు, మా మార్జిన్ మీద. 4 లక్షలకు కొని 4 లక్షల 40 వేలకు అమ్మితే 40 వేల మీద 7,200. మొత్తం ధర మీద 18 శాతం అంటూ ఎవరైనా మీ దగ్గర వసూలు చేయబోతే ఒప్పుకోకండి.

కువైట్ నుంచి నెలకు ఒక ఫోనైనా వస్తుంది, అక్కడి కారు తెచ్చుకోవచ్చా అని. కుదరదు. మన దేశంలోకి పాత కారు రావాలంటే మూడేళ్లు దాటి ఉండకూడదు, స్టీరింగ్ కుడి వైపు ఉండాలి, ముంబై పోర్టు ద్వారానే రావాలి. కువైట్ బండ్లకు స్టీరింగ్ ఎడమ వైపు. పైగా కస్టమ్స్ డ్యూటీ ఏళ్ల తరబడి 125 శాతం ఉండేది. 2025 బడ్జెట్‌లో డ్యూటీ 70 చేసినా సెస్సు కలపడంతో భారం తగ్గలేదు. కారు ధర కంటే పన్నే ఎక్కువ. ఆ డబ్బుతో ఇక్కడే కొనుక్కోండి.

తిప్పిన మూడు బండ్లలో రెండోది పుత్తూరు కస్టమర్‌ది. బండి తన దగ్గరే ఉంచుకుంటానన్నారు. ధరలో తేడా 85 వేలు ఇచ్చాం. మూడోది బూడిద రంగు హ్యాచ్‌బ్యాక్, కర్ణాటక నంబరు. కొన్నాయన పలమనేరు వైపు ఎవరికో అమ్మేశారు. ఆయన దగ్గర ఆ ఫోన్ నంబరు లేదు. మా షాపు స్టిక్కర్ వెనక అద్దానికి ఎడమ మూలన ఉంటుంది. ఆ బండి మీ దగ్గరుంటే, మీకు తెలిసినవాళ్ల దగ్గరుంటే, సర్వీస్ రికార్డు కాపీ మా దగ్గర ఉంది. దాని ప్రకారం అది మీటర్ చెబుతున్న దానికంటే కనీసం 40 వేలు ఎక్కువ తిరిగింది. టైమింగ్ బెల్ట్ మార్చే గడువు దాటిపోయి ఉంటుంది, ముందు అది చూపించుకోండి. ఆ ఖర్చు మాది.