మూడో మెట్టు జడ్జి ఓడిపోయిన ఆదివారం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది నెలన్నర దాటింది. ఆలస్యానికి చెప్పుకోవడానికి మూడు కారణాలు సిద్ధం చేసుకున్నాను గాని, మూడూ అబద్ధాలే కనుక వాటితో నిన్ను విసిగించను. క్షమించు. ఇంట్లో అందరూ క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి కొంత తగ్గింది, చిన్నది పరీక్షలు రాసింది, నా కళ్లజోడు మళ్లీ మారింది. వదినగారికి నమస్కారాలు. క్షేమసమాచారాలు ఇంతటితో సరి, ఎందుకంటే గత ఆదివారం మా చర్చాగోష్ఠిలో జరిగినది నీకు చెప్పుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేటట్టు లేదు.

ఆ రోజు విషయం "మత్తుమందు వాడేవాడికి జైలా, వైద్యమా?" అన్నది. చీటీలు వేస్తే నాకు జైలు వచ్చింది. వేయకపోయినా నేను అటే కూర్చునేవాడినని నీకు తెలుసు. హాస్టల్ మూడో మెట్టు మీద కూర్చుని ఇదే విషయం మీద రాత్రి రెండు గంటల దాకా నీతో తగవు పడి, "మూడో మెట్టు జడ్జి" అన్న బిరుదును నీ చేతుల మీదుగానే అందుకున్నవాడిని కదా. ఆ బిరుదుకు మచ్చ రాకూడదని వారం రోజులు కూర్చుని చదివాను. అవతలి పక్షాన చాలా ఏళ్లు వ్యసన చికిత్సలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక డాక్టరుగారు ఉన్నారు. ఆవిడ చేతిలో ఒక్క కాగితం కూడా లేదు. అప్పుడే నేను భయపడవలసింది.

నా మొదటి బాణం ఆరెగాన్. 2020 నవంబరులో ఆ అమెరికా రాష్ట్రపు ఓటర్లు 110వ ప్రతిపాదనను ఆమోదించారు. 2021 ఫిబ్రవరి నుంచి, సొంత వాడకానికని కొద్దిపాటి హెరాయిన్ దగ్గర పెట్టుకున్నా నేరం కాకుండా పోయింది. పోలీసు 100 డాలర్ల జరిమానా చీటీ రాసి చేతిలో పెడతాడు, ఒక నంబరుకు ఫోను చేసి ఆరోగ్య పరీక్షకు ఒప్పుకుంటే ఆ జరిమానా కూడా పోతుంది. ఫోను చేసినవారు బహు స్వల్పం. వీధుల్లో బాహాటంగా వాడుతున్నారని జనం గగ్గోలు పెట్టగా, 2024లో శాసనసభ వెనక్కి తగ్గి సెప్టెంబరు నుంచి దాన్ని మళ్లీ నేరం చేసింది. "మూడున్నరేళ్లలో ముచ్చట తీరింది" అని ముగించాను. చప్పట్లు కూడా పడ్డాయి. (నీవు ఉండి ఉంటే ఆ చప్పట్లలో సగం మా బావమరిదివేనని లెక్క తేల్చేవాడివి. నిజమే.)

డాక్టరుగారు నిదానంగా లేచి, నేను చెప్పినదంతా నిజమేనన్నారు. నాకది నచ్చలేదు. వాదంలో ఎదుటివారు ఒప్పుకుంటూ మొదలుపెట్టారంటే ముందు గొయ్యి ఉందన్నమాట. "అయితే శిక్ష తీసేసిన నాటికి అక్కడ చికిత్స కేంద్రాలు సిద్ధంగా లేవు, వాటికి ఇస్తామన్న డబ్బు ఆలస్యంగా చేరింది, సరిగ్గా అదే కాలంలో హెరాయిన్ కంటే ఎన్నో రెట్లు బలమైన ఫెంటనిల్ అనే మత్తుమందు ఆ వీధుల్లోకి దిగింది. మనిషి చేతిలో చీటీ పెట్టారు గాని, ఆ చీటీ పట్టుకుని ఏ తలుపు తట్టాలో చూపించలేదు" అని, అక్కడి నుంచి పోర్చుగల్‌కు వెళ్లారు.

పోర్చుగల్ పేరు నేనూ విన్నదే, కాని అక్కడ మత్తుమందులన్నీ చట్టబద్ధం చేసేశారన్న భ్రమలో ఉన్నాను. కాదట. 1990ల చివరికి అక్కడ నూటికి సుమారు ఒక్కరు హెరాయిన్ వాడుతున్న స్థితి. 1998లో ప్రభుత్వం నిపుణుల సంఘాన్ని వేసింది, జువావ్ గులావ్ అనే వైద్యుడు అందులో సభ్యుడు. వారి సిఫారసుల మీద వచ్చిన చట్టం 2001 జూలై 1న అమలులోకి వచ్చింది. అమ్మకం ఆనాటికీ ఈనాటికీ నేరమే. సొంత వాడకానికి పది రోజుల సరుకుకు మించకుండా, అంటే హెరాయిన్ అయితే ఒక గ్రాము, గంజాయి అయితే 25 గ్రాముల లోపు దొరికితే మాత్రం కేసు కోర్టుకు పోదు. పోలీసు సరుకు లాక్కుని మనిషిని ఒక సంఘం ముందుకు పంపిస్తాడు. అందులో న్యాయం, ఆరోగ్యం, సామాజిక సేవ తెలిసిన ముగ్గురు సభ్యులు ఉంటారు. బోను ఉండదు, నల్లకోటు ఉండదు. ఇతడు వ్యసనంలో చిక్కుకున్నవాడా, సరదాకు వాడినవాడా అన్నది ముందు తేల్చుకుంటారు. చిక్కుకున్నవాడైతే చికిత్సకు దారి చూపుతారు, కానివాడైతే చాలావరకు మాట్లాడి పంపించేస్తారు. సూదులతో ఎక్కించుకునేవారిలో ఏటా వెయ్యికి పైగా కనబడే కొత్త హెచ్‌ఐవీ కేసులు కాలక్రమంలో పదుల్లోకి దిగాయట. సూదులు మార్చి ఇవ్వడం, హెరాయిన్‌కు బదులుగా మెథడోన్‌ అనే మందు అందించడం, చికిత్సను పెంచడం, శిక్ష భయం లేకపోవడం అన్నీ కలిసి చేసిన పని అది, ఏ ఒక్కదానికీ ఖ్యాతి కట్టబెట్టవద్దని ఆవిడే హెచ్చరించారు.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

వెనుక వరుసలో ఒక మనిషి ఆలస్యంగా వచ్చి కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయేమో. శుభ్రమైన చొక్కా, చేతిలో నీళ్ల సీసా, మూత తీయలేదు. నాకు జవాబు తోచక, సభను నా వైపు తిప్పుకోవాలన్న తాపత్రయంలో, అతని వైపు చేయి చూపి "సామాన్య పౌరులు మీరేమంటారు?" అని అడిగాను. అతడు చేయి పైకెత్తి, నోటి వైపు చూపించి, ఆగమన్నట్టు సైగ చేశాడు. నేను ఆగలేదు. "చూశారా, మౌనం అర్ధాంగీకారం! వీరు నా పక్షమే" అన్నాను. సభ ఘొల్లుమంది. అతడు కూడా చిరునవ్వు నవ్వాడు, పెదవులు మాత్రం విడలేదు. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. ఆవిడ గడియారం వైపు చూశారు.

పది నిమిషాల తర్వాత అతడు సీసా మూత తీసి, రెండు గుక్కలు తాగి, లేచి నిలబడ్డాడు. "క్షమించండి, ఇందాక నాలుక కింద మందు ఉంది. అది కరిగేదాకా మాట్లాడకూడదు, నీళ్లు కూడా తాగకూడదు" అన్నాడు.

ఆ క్షణంలో నా ముఖం ఎలా ఉందో నీకు తెలుసు, ఎందుకంటే వెనుకటికి ఆ గొడుగు సంగతి బయటపడినప్పుడు నీవు చూసినదీ ఆ ముఖమే.

ఆ మందు బ్యూప్రెనార్ఫిన్. హెరాయిన్ మానుకోవడానికి అతడు మూడేళ్లుగా రోజూ దాన్ని వేసుకుంటున్నాడట. అంతకు ముందు రెండుసార్లు జైలుకు పోయి వచ్చాడు. ఏడుపు లేదు, ఉపన్యాసం లేదు, రైలు వేళలు చెప్పినట్టు చెప్పాడు. "జైల్లో మత్తు దొరకలేదు. ఒళ్లు నొప్పులు, వాంతులు, నిద్ర లేని రాత్రులు గడిచాక శరీరం శుభ్రపడింది, నేను మారాననే అనుకున్నాను. నాతో పాటే విడుదలైన స్నేహితుడూ అలాగే అనుకున్నాడు. బయటికి వచ్చిన నాలుగో రోజు, లోపలికి పోకముందు తీసుకునే మోతాదునే తీసుకున్నాడు. అతని శరీరం మాత్రం పాతది కాదు." అంతే చెప్పి కూర్చున్నాడు.

ఆ మాటలోని వైద్యాన్ని డాక్టరుగారు విప్పి చెప్పారు. కొన్నాళ్లు మానేస్తే ఒంటికి అలవడిన ఓర్పు పోతుంది. మనసులోని కోరిక మాత్రం పోదు. ఆ రెండింటి మధ్య తేడాయే ప్రాణం తీస్తుంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు జైళ్ల నుంచి విడుదలైనవారిని ముప్పై వేలకు పైగా పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో మోతాదు మించి చనిపోయే ప్రమాదం సాధారణ జనంతో పోలిస్తే 129 రెట్లని తేలింది. నేను ఇంటికి వచ్చి వెతికి చూసుకున్నాను, అంకె సరైనదే. కొద్దిపాటి సరుకు దొరికినందుకు మనం వేసే శిక్ష కొన్ని నెలలని అనుకుంటాం. జైలు గేటు బయట ఉన్న ఆ రెండు వారాలను ఏ తీర్పులోనూ ఎవరూ రాయరు. హాస్టల్ మెట్ల మీద నేను వేసిన శిక్షలన్నీ...

సరే, ఆ సంగతి వదిలేయి. నేను వెంటనే కాళ్లబేరానికి వచ్చానని మాత్రం అనుకోకు. "ఒక మత్తు మాన్పించి ఇంకొక మత్తు అలవాటు చేయడం వైద్యమెలా అవుతుంది?" అని అడిగాను. జవాబు ఆ మనిషే చెప్పాడు. బ్యూప్రెనార్ఫిన్ అంటే తాళం కప్పలో బిగుసుకున్న తాళంచెవి వంటిదట. తలుపును సగమే తెరుస్తుంది, వేరే చెవిని లోపలికి దూరనివ్వదు. ఆ సగంతో ఒళ్లు నొప్పులు, తహతహ అణగుతాయి, మత్తు మాత్రం ఎక్కదు. "పొద్దున లేవగానే డబ్బు ఎవరి దగ్గర కొట్టేయాలా అని కాకుండా, పనికి ఏ బస్సులో పోవాలా అని ఆలోచిస్తాను" అన్నాడు. నా దగ్గర ఇక ప్రశ్న మిగలలేదు.

ఆ రాత్రి ఇంకొక దెబ్బ తగిలింది. నేను సభకు ఎత్తుకుపోయి ఊపిన ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మన దేశపు మత్తుమందుల చట్టం, పుస్తకాన్నే మళ్లీ తెరిచాను. 1985 నాటి ఆ చట్టంలో 27వ సెక్షను, అంటే వాడకానికి మత్తుమందు రకాన్ని బట్టి ఆరు నెలలో ఏడాదో దాకా జైలు, నాకు కంఠతా వచ్చు. 39వ సెక్షను, ఆ వ్యక్తి సమ్మతిస్తే కోర్టు శిక్షకు బదులు బాండు రాయించుకుని చికిత్సకు పంపవచ్చునంటుంది. 64ఏ అయితే, వాడకపు నేరంలోనో స్వల్ప పరిమాణం కేసులోనో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు చేరితే అతనిపై విచారణ ఉండదంటుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు, అది వేరే సంగతి. ఇన్నేళ్లుగా నేను శిక్షకు ఆధారమని మోసిన పుస్తకంలోనే ఆ తలుపు ఉంది. పట్టుబడినవాడికి ఆ తలుపు ఉందని చెప్పేదెవరు? పోలీసు చెప్పాలా, వకీలు చెప్పాలా? ఆ మనిషికి మొదటిసారి ఎవరూ చెప్పలేదట. అడిగాను.

ఇంతమాత్రాన నేను పూర్తిగా నీ పక్షానికి వచ్చేశానని మురిసిపోకు. అమ్మేవాడి విషయంలో నా తీర్పు మారలేదు. ఆరెగాన్ నుంచి నేను నేర్చుకున్నది కూడా వదులుకోను. చికిత్స లేకుండా శిక్ష మాత్రమే ఎత్తేయడమంటే మనిషిని నడివీధిలో వదిలి చేతులు దులుపుకోవడమే. పోర్చుగల్‌లో కూడా 2012లో ఈ పనులన్నీ చూసే ప్రత్యేక సంస్థను విడగొట్టి, ఖర్చు తగ్గించాక పని కుంటుపడిందని గులావ్ సహా చాలామంది మొత్తుకున్నారు. 1989లో అమెరికాలోని మయామీలో మొదలైన డ్రగ్ కోర్టుల మీద కూడా నాకు మనసుంది. జడ్జి స్వయంగా వారం వారం పిలిచి చికిత్స ఎలా సాగుతోందని అడగడం బాగుంటుంది. కానీ ఒకసారి జారిపడినవాడిని అక్కడ మళ్లీ జైలుకు పంపితే, మళ్లీ అదే గేటు, అవే రెండు వారాలు. ఇక్కడ నా ఆలోచన ఇంకా తెగలేదు. నీవేమంటావో రాయి.

వచ్చే నెల విషయం నివారణ. పిల్లలకు పుర్రె బొమ్మలు చూపించి భయపెడదామని నేను ప్రతిపాదించగానే, అమెరికాలో 1983లో పోలీసులను బడులకు పంపి మొదలుపెట్టిన డేర్ కార్యక్రమం ఏళ్ల తరబడి సాగినా వాడకం మీద చెప్పుకోదగ్గ ప్రభావం చూపలేదని డాక్టరుగారు కొట్టిపారేశారు. ఐస్‌లాండ్ గురించి చదువుకుని రమ్మన్నారు. అక్కడ పదిహేను పదహారేళ్ల పిల్లల్లో అంతకు ముందు నెలలో తాగి తూలినవారు 1998లో నూటికి 42 మంది, 2016 నాటికి అయిదుగురు. ఉపన్యాసాలతో కాదు, సాయంత్రాలు పిల్లలను ఆటల్లో, సంగీతంలో పెట్టి, తల్లిదండ్రుల చేత ఒప్పందాలు రాయించి సాధించారట. ఆ వివరాలు నీకు రాద్దామనే...

వీధి తలుపు తడుతున్నారు. బావమరిది. ఉత్తరం తపాలా పెట్టెలో వేస్తానని తనే వచ్చాడు, మనసు మార్చుకునేలోగా ఇచ్చేయాలి. ఆ మనిషి వచ్చే నెల కూడా వస్తానన్నాడు, ఈసారి ముందే మందు వేసుకుని వస్తాడట. నీవు కూడా రా

నీ,
మూడో మెట్టు జడ్జి (మాజీ)