పిల్లల చేతికి పీఓపీ పొడి వద్దు

చవితి దగ్గర పడేసరికి బెంగళూరు దుకాణాల్లో ‘మీ గణపతిని మీరే చేసుకోండి’ అంటూ అమ్మే పిల్లల కిట్లలో కొన్నింట బంకమట్టికి బదులు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ (పీఓపీ) పొడి ఉంటోంది. పీఓపీ విగ్రహాలను నిషేధించిన రాష్ట్రంలో ఇదేం విడ్డూరం! నీళ్లు కలిపాక ఆ పొడి గట్టిపడుతూ బాగా వేడెక్కుతుంది. ముద్దలో చెయ్యి అలాగే ఉంచితే చర్మం కాలుతుంది. డబ్బా మీద ఆ హెచ్చరికా కనబడదు. మట్టి ఇచ్చేవాళ్లయినా చేసే పద్ధతి చెప్పరు. పిల్లలు నీళ్లు గుమ్మరించి, బొజ్జను గట్టి ముద్దగా చేసి, తొండం ఊరికే అతికించి ఎండలో పెడతారు. పైపొర ముందే ఆరిపోయి బీటలు వారుతుంది, తొండం ఊడి చేతికొస్తుంది. జానెడు లోపు బొమ్మకు మట్టిని చపాతీ పిండిలా పిసికి, బొజ్జను అడుగు నుంచి చెంచాతో తొలిచి అర అంగుళం మందం ఉంచాలి. అతికే రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, మట్టిజావ రాసి నొక్కాలి. నీడలో నాలుగైదు రోజులు ఆరాకే రంగులు. అపార్టుమెంటు సంఘాలు పాటరీ టౌన్ కుమ్మరుల దగ్గర మట్టి టోకున కొని, ఈ పద్ధతిని కన్నడ, తెలుగు, తమిళాల్లో అచ్చువేసి దానితో పాటు పంచాలి. పొడి కిట్లను నగర పాలక అధికారులు పండక్కి నెల ముందే దుకాణాల నుంచి తీయించాలి.

— ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు